హైవే ఎక్కకుండా సైకిల్‌పై హైదరాబాద్ టు వైజాగ్.. ఛారిటీ రైడ్‌కు రూట్ ఇలా వేసుకోవాలి!

ఒక మంచి పని కోసం విరాళాలు సేకరించాలి.. పది మంది కలిసి హైదరాబాద్ నుంచి వైజాగ్ వరకు సైకిళ్లపై వెళ్లాలి.. ఆలోచన బాగానే ఉంది. కానీ ఫోన్‌లో మ్యాప్ తెరిచి రెండు ఊళ్ల పేర్లు కొడితే ఏం వస్తుంది? సూర్యాపేట, విజయవాడ, ఏలూరు, రాజమండ్రి, తుని. విజయవాడ వరకు 65వ నంబర్ జాతీయ రహదారి.. అక్కడి నుంచి 16వ నంబర్. దాదాపు 620 కిలోమీటర్లు. కారుకైతే ఇంతకు మించిన దారి లేదు. సైకిల్‌కు మాత్రం ఇంతకంటే ప్రమాదకరమైన దారి దొరకదు.

ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదిది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వీరిలో 61,038 మంది జాతీయ రహదారులపైనే ప్రాణాలు కోల్పోయారు. అంటే మూడో వంతుకు పైనే. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా మాత్రం 2 శాతం దగ్గరే. వంద కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సు పక్కన 18 కిలోమీటర్ల వేగంతో సైకిల్ తొక్కడం, అదీ రోజుకు ఆరేడు గంటలు, పది రోజుల పాటు.. ఎంత రిస్కో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. పైగా ఛారిటీ రైడ్‌లో అందరూ ఆరితేరిన రైడర్లు ఉండరు. ఆఫీసులో పక్క సీటు వాళ్లు, కాలేజీ స్టూడెంట్లు, యాభై ఏళ్లు దాటిన వాళ్లూ ఉంటారు.

మరి హైవే ఎక్కకుండా వెళ్లే దారి ఉందా? ఉంది. కాకపోతే మ్యాప్ ఇచ్చే గీతను అక్కడక్కడా సరిచేస్తే ఆ దారి రాదు. ప్లానింగ్‌ను వేరే చోట నుంచి మొదలుపెట్టాలి.

ముందు వంతెనలు.. తర్వాతే రోడ్లు

చాలామంది ఊళ్ల పేర్లతో మొదలుపెడతారు. మొదట చూడాల్సింది నదులను. పొలాల మధ్య చిన్న రోడ్లు వందల కొద్దీ ఉంటాయి. ఒకటి బాగా లేకపోతే ఇంకో దాంట్లోంచి వెళ్లొచ్చు. నదికి ఆ సౌకర్యం లేదు. వంతెన ఎక్కడుంటే అక్కడే దాటాలి. వంతెన హైవే మీదే ఉంటే, దానికి ముందు పది కిలోమీటర్లు, తర్వాత పది కిలోమీటర్లు హైవే తప్పదు. అందుకే ఎక్కడ దాటాలో ముందు తేల్చుకుంటే, మిగతా రూట్ సగం దానంతట అదే తేలిపోతుంది.

ఇక్కడో తమాషా ఉంది. హైదరాబాద్, వైజాగ్ రెండూ కృష్ణానదికి ఉత్తరం వైపే ఉన్నాయి. హైవే మీద వెళితే కృష్ణను దాటాల్సిన పనే లేదు. కానీ సైకిల్‌పై వెళ్లేవాళ్లు కావాలనే రెండుసార్లు దాటితే లాభం. నాగార్జున సాగర్ దగ్గర డ్యామ్‌కు దిగువన ఉన్న వంతెన మీద ఒకసారి, విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీద ఇంకోసారి. బ్యారేజీ మీద భారీ వాహనాలకు అనుమతి లేదు. లారీలు లేకుండా కృష్ణను దాటే అవకాశం అక్కడ దొరుకుతుంది. దూరం పెరుగుతుంది, నిజమే. మొత్తం రూట్ 620 నుంచి దాదాపు 750, 800 కిలోమీటర్ల మధ్యకు వెళుతుంది. రోజుకు 80 చొప్పున వేసుకుంటే పది రోజులు. హైవే మీద వెళ్లేదాని కంటే రెండు రోజులు ఎక్కువ.. అంతే.

మ్యాప్ యాప్‌లను ఎంతవరకు నమ్మాలి?

గూగుల్ మ్యాప్స్‌లో కారు బొమ్మ పక్కన బైక్ బొమ్మ ఉంటుంది. భారత్‌లో ఈ టూ వీలర్ మోడ్ 2017లో వచ్చింది. సైకిల్ రూట్‌కు ఇది కొంత నయం. కారు వెళ్లలేని అడ్డదారులను కూడా చూపిస్తుంది. అయితే దానికి కావాల్సింది తక్కువ టైమ్. లారీలు ఉన్నాయా లేదా అన్నది దానికి పట్టదు. కొమూట్, రైడ్ విత్ జీపీఎస్ లాంటి యాప్‌లు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఆధారంగా సైకిల్ రూట్లు ఇస్తాయి. కానీ మన పల్లెల్లో ఏది తారు రోడ్డు, ఏది మట్టి బాట అన్న వివరం అందులో చాలాచోట్ల ఉండదు. ఎవరో ఒకరు నింపితేనే ఉంటుంది మరి.

కాబట్టి యాప్ గీసిన రూట్‌ను శాటిలైట్ వ్యూలో పెట్టి, వేలితో జరుపుతూ మొత్తం చూడాల్సిందే. నల్లగా కనిపిస్తే తారు, ఎర్రగా కనిపిస్తే మట్టి. రోడ్డు రైలు పట్టాలను దాటే చోట ప్రత్యేకంగా ఆగి చూడాలి. లెవెల్ క్రాసింగ్‌లు తీసేసి అండర్ బ్రిడ్జిలు కట్టిన చోట్ల, ఒక్క వాన పడితే నడుం లోతు నీళ్లు నిలుస్తాయి. ఆ తర్వాత ఎవరైనా ఇద్దరు బైక్ వేసుకుని ఒకసారి రూట్ అంతా తిరిగి రావాలి. ఇది ఖర్చనుకుని మానేసేవాళ్లే ఎక్కువ.

ఈ విషయంలో బ్రిటన్ అనుభవం చూడాలి. ఛారిటీ కోసం దేశం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లడం అక్కడ పాత అలవాటే. ఇంగ్లండ్ క్రికెటర్ ఇయాన్ బోథమ్ 1985లో లుకేమియా పరిశోధన కోసం జాన్ ఓ గ్రోట్స్ నుంచి ల్యాండ్స్ ఎండ్ దాకా నడిచారు. సైకిల్‌పై ఇదే రూట్‌లో వెళ్లేవాళ్లు ఏటా ఉంటారు. దాదాపు 1,400 కిలోమీటర్లు. వాళ్ల కోసం సస్ట్రాన్స్ అనే సంస్థ దేశమంతా సైకిల్ రూట్లకు నంబర్లు వేసి, బోర్డులు పెట్టించింది. అదే సంస్థ 2020లో ఏం చేసిందంటే.. ట్రాఫిక్ పెరిగి సురక్షితం కాదనుకున్న రోడ్లను నెట్‌వర్క్ నుంచి తీసేసింది. దాదాపు పావు వంతు పోయింది! బోర్డులు పెట్టిన దేశంలోనే అలా ఉంటే, మూడేళ్ల కిందట ఫ్రెండ్ ఎవరో వెళ్లొచ్చిన రూట్ ఫైల్‌ను వాట్సాప్‌లో తెప్పించుకుని బయల్దేరడం ఎంతవరకు సేఫ్?

హైదరాబాద్ నుంచి సాగర్.. దిగుడే దిగుడు

ఛారిటీ రైడ్ అనగానే కొందరికి ఓఆర్ఆర్ సైకిల్ ట్రాక్ గుర్తొస్తుంది. సోలార్ పైకప్పుతో 2023లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల ట్రాక్ అది. ఫొటోలకు బాగుంటుంది. కానీ అది ఉన్నది నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు.. అంటే నగరానికి పడమర. వైజాగ్ వెళ్లేవాళ్లకు పనికిరాదు.

ఎల్బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకోవాలి. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, చింతపల్లి, మల్లేపల్లి మీదుగా సాగర్‌కు సుమారు 150 కిలోమీటర్లు. ఇబ్రహీంపట్నం వరకు ట్రాఫిక్ గట్టిగానే ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు ఎక్కువ కావడంతో ఉదయం పూట బస్సులు వరుస కడతాయి. ఆదివారం తెల్లవారుజామున బయల్దేరితే ఆ బెడద ఉండదు. మాల్ దాటాక రోడ్డు ఖాళీ అవుతూ వస్తుంది.

ఇంకో మంచి విషయం ఎత్తు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంటుంది. సాగర్ జలాశయం పూర్తి మట్టం 590 అడుగులు.. అంటే 180 మీటర్లు. మధ్యలో ఎక్కుళ్లు ఉన్నా మొత్తం మీద దిగుడే. కొత్తవాళ్లకు మొదటి రెండు రోజులు ఇలా దొరకడం అదృష్టం. అందుకే ఈ రైడ్‌ను వైజాగ్ నుంచి హైదరాబాద్‌కు పెట్టుకోకపోవడమే మేలు. అలా పెట్టుకుంటే బాగా అలసిపోయిన చివరి రెండు రోజులూ ఎక్కుడే మిగులుతుంది.

పల్నాడులో లారీలు తప్పవు

సాగర్ దాటాక మాచర్ల, రెంటచింతల, గురజాల, పిడుగురాళ్ల, సత్తెనపల్లి. చెప్పడానికి చిన్న ఊళ్లే. కానీ ఇది సున్నపురాయి ప్రాంతం. సిమెంట్ ఫ్యాక్టరీలు, పిడుగురాళ్ల చుట్టూ సున్నం బట్టీలు. వాటి లారీలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. పిడుగురాళ్ల దగ్గర నార్కట్‌పల్లి - అద్దంకి రోడ్డు కూడా వచ్చి కలుస్తుంది. ఈ ముక్కను తప్పించే సులువైన దారి లేదు. ఇలాంటి చోట రూట్ మార్చడం కంటే టైమ్ మార్చడం మంచిది. ముందు రోజు గురజాలలో ఆగిపోయి, పొద్దున్నే వెలుతురు రాగానే పిడుగురాళ్ల దాటేయాలి. ఒకరి వెనక ఒకరే.. పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ తొక్కడం ఇక్కడ అస్సలు వద్దు.

సత్తెనపల్లి నుంచి అమరావతికి, అక్కడి నుంచి తుళ్లూరు మీదుగా ఉండవల్లికి, ఆ పక్కనే ప్రకాశం బ్యారేజీ. కృష్ణ పక్కనే సాగే దారి కావడంతో సైక్లిస్టులు ఇష్టపడతారు. అయితే రాజధాని పనులు 2024 తర్వాత మళ్లీ మొదలయ్యాయి. పనులు జోరుగా నడిచే రోజుల్లో కంకర, ఇసుక టిప్పర్లు తిరుగుతాయి. అంతకు ముందు ప్రశాంతంగా చూసిన రోడ్డు ఇప్పుడూ అలాగే ఉంటుందనుకోవద్దు. బయల్దేరే వారం ముందు అక్కడి వాళ్లను ఎవరినైనా అడిగి తీరాలి.

గోదావరి.. ఒకసారి దాటాలా, మూడుసార్లా?

మొత్తం రూట్‌లో అసలు నిర్ణయం ఇదే. ధవళేశ్వరం వరకు గోదావరి ఒక్కటే. దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ అని పాయలుగా విడిపోతుంది. హైవే సిద్ధాంతం దగ్గర వశిష్ఠను, జొన్నాడ దగ్గర గౌతమిని దాటుతుంది. ఈ రెండు వంతెనలూ సైకిల్ రూట్ లోంచి తీసేయాల్సినవే.

మిగిలినవి రెండు దారులు. ఒకటి ఎగువన.. కొవ్వూరు నుంచి రాజమండ్రికి 1974లో ప్రారంభమైన రోడ్ కమ్ రైలు వంతెన, లేదంటే విజ్జేశ్వరం, ధవళేశ్వరాలను కలిపే కాటన్ బ్యారేజీ. ఒక్కసారి దాటితే గోదావరి పని అయిపోతుంది. కానీ అక్కడికి చేరాలన్నా, దాటాక తుని వైపు రావాలన్నా హైవేకు దగ్గరగానే తిరగాలి. పైగా రోడ్ కమ్ రైలు వంతెనను రిపేర్ల కోసం అప్పుడప్పుడూ మూసేస్తుంటారు.

రెండో దారి కోనసీమ. మూడు పాయలు, మూడుసార్లు దాటాలి. వినడానికి కష్టంగా ఉన్నా సైకిల్‌కు ఇదే బెటర్. ఎందుకంటే ఇక్కడ రెండు చోట్ల వంతెనతో పనే లేదు. పంటు ఉంది! నరసాపురం రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగొచ్చు. అక్కడి నుంచి మలికిపురం, రాజోలు. వైనతేయను పి.గన్నవరం అక్విడక్ట్ దగ్గర దాటొచ్చు. కాలువ నీటిని నది మీదుగా అవతలికి తీసుకెళ్లే కట్టడం అది. దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆకలితో వచ్చిన వాళ్లకు కాదనకుండా అన్నం పెట్టిన తల్లిగా గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకునే పేరు. విరాళాల కోసం సైకిల్ తొక్కేవాళ్లు ఆ పేరు మీదుగా వెళ్లడం.. ప్లాన్ చేసి పెట్టినా ఇంత బాగా కుదరదేమో.

తర్వాత కొబ్బరి మార్కెట్ ఉన్న అంబాజీపేట, అమలాపురం, ముక్తేశ్వరం. ముక్తేశ్వరం రేవులో మళ్లీ పంటు. గౌతమి దాటితే కోటిపల్లి. ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా కాకినాడ చేరొచ్చు.

పంటును నమ్ముకున్నప్పుడు ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. వరద వస్తే ఆపేస్తారు. గాలి ఎక్కువగా ఉన్నా ఆపేస్తారు. రాత్రి అయితే చెప్పక్కర్లేదు. కాబట్టి రేవుకు సాయంత్రం చేరేలా కాకుండా పొద్దున చేరేలా మజిలీలు పెట్టుకోవాలి. ఆపేస్తే వెళ్లడానికి చించినాడ వంతెన, ఎదుర్లంక - యానాం వంతెన ఫైల్‌లో ముందే గుర్తు పెట్టుకుని ఉండాలి. చుట్టు తిరుగుడే, కానీ దారి అంటూ ఉంటుంది. వెంట వచ్చే కారు సంగతీ చూసుకోవాలి. పంటు మీద చోటు లేదని కారు ఆగిపోతే ట్యూబులు, మందులు, నీళ్లు అన్నీ అవతలి ఒడ్డునే ఉండిపోతాయి. కనీసం ఒక మెడికల్ కిట్, రెండు ట్యూబులు సైకిళ్ల మీదే ఉంచుకోవడం మంచిది.

కాలువ గట్లు.. అందం, అపాయం రెండూ

విజయవాడ నుంచి నరసాపురం చేరడం ఎలా? బందరు రోడ్డులో కంకిపాడు వరకు ట్రాఫిక్ తప్పదు. అక్కడ ఎడమకు తిరిగి గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం, పాలకొల్లు. గుడివాడ నుంచి ఇది కూడా కాగితం మీద జాతీయ రహదారే.. నంబర్ 165. నంబర్ చూసి కంగారు పడొద్దు. నాలుగు వరుసల 16వ నంబర్‌కూ దీనికీ పోలికే లేదు. అలాగని మరీ ఖాళీగానూ ఉండదు. చేపల లారీలు, ఆక్వా మేత లారీలు తిరుగుతాయి. చేపల లారీల నుంచి కారే నీళ్లతో రోడ్డు జారుడుగా మారుతుంది. సన్న టైర్ల సైకిళ్లకు ఇది చాలా ప్రమాదం. వీలున్న చోటల్లా ఊరికీ ఊరికీ మధ్య ఉండే కాలువ గట్టు రోడ్లలోకి దిగిపోవచ్చు.

గట్టు రోడ్డు అనగానే రీల్స్ గుర్తొస్తాయి. పక్కన నీళ్లు, కొబ్బరి చెట్లు.. నిజంగానే బాగుంటుంది. కానీ చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. రోడ్డు వెడల్పు ఒక ట్రాక్టర్ పట్టేంత. ఎదురుగా ఆటో వస్తే సైకిల్ దిగి పక్కకు నిలబడాల్సిందే. పది మంది ఒకే గుంపుగా వెళ్లకుండా ఐదుగురు చొప్పున రెండు గుంపులుగా, మధ్య కొంత ఖాళీ వదిలి వెళితే వెనక వచ్చే వాహనాలు దాటిపోవడానికి వీలుంటుంది. చీకటి పడ్డాక మాత్రం గట్టు రోడ్డు జోలికే వెళ్లకూడదు. లైట్ ఎంత మంచిదైనా సరే.

ఖరీఫ్ కోతల టైమ్‌లో ఇంకో ఇబ్బంది. ఆరబెట్టడానికి కళ్లాలు చాలక రైతులు ధాన్యాన్ని రోడ్డు మీదే పోస్తారు. చుట్టూ రాళ్లు పెడతారు. సగం రోడ్డు పోతుంది. దాని మీద నుంచి తొక్కుకుంటూ వెళ్లకూడదు.. జారి పడతారు, రైతు కష్టం కూడా పాడవుతుంది.

ఏ నెలలో వెళ్లాలి?

ఎండ, వాన లేకుండా ఉండేది డిసెంబర్, జనవరి. కానీ డెల్టాలో తెల్లవారుజామున పొగమంచు దట్టంగా కమ్మేస్తుంది. పది అడుగుల ముందు ఏముందో కనిపించదు. ఆ రోజుల్లో ఐదింటికే బయల్దేరాలన్న నియమం పక్కన పెట్టి, ఏడు దాటాకే సైకిల్ ఎక్కాలి. ఆ సీజన్‌లో గాలి కూడా ఈశాన్యం నుంచి.. అంటే దాదాపు ఎదురుగాలే. రోజుకు 80 కంటే ఎక్కువ వేసుకోకపోవడానికి ఇదీ ఒక కారణం. సంక్రాంతి వారం అసలు వద్దు. హైవే మీద ఇరుక్కున్న కార్లన్నీ ఆ వారం సాగర్ రోడ్డు వైపు మళ్లుతాయి. అక్టోబర్, నవంబర్‌లో తుపాన్ల భయం. జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు అన్నిటికంటే నయం.

పంక్చర్ల సంగతి కూడా ఇప్పుడే. సర్కారు తుమ్మ ముల్లు ఎంత ఖరీదైన టైర్‌నైనా వదలదు. మండల కేంద్రాల్లోని సైకిల్ షాపుల్లో మామూలు సైకిల్ ట్యూబులు దొరుకుతాయి. రోడ్ బైక్‌లకు వాడే సన్నటి ప్రెస్టా వాల్వ్ ట్యూబులు దొరకవు. మనిషికి మూడు చొప్పున తెచ్చుకోవాలి.

డబ్బు, పోలీసులు.. చిన్న విషయాలు కావు

ఈ రూట్ దాదాపు డజను జిల్లాల గుండా వెళుతుంది. జిల్లా పోలీసులకు తేదీలు, మజిలీలు, రైడర్ల సంఖ్యతో ముందుగానే లేఖ ఇచ్చి పెట్టుకుంటే దారిలో ఎవరూ ఆపరు. ఏదైనా జరిగినా సాయం త్వరగా అందుతుంది. 1033 హెల్ప్‌లైన్ జాతీయ రహదారులకు మాత్రమే. ఈ రూట్‌లో గుర్తుంచుకోవాల్సిన నంబర్ 108. గట్టు రోడ్డులో నిలబడి 'ఎక్కడున్నారు?' అంటే ఏం చెప్పాలో తెలియదు. అందుకే ప్రతి పది కిలోమీటర్లకు దగ్గరి ఊరి పేరు రాసి ఉన్న కాగితం ఒకటి అందరి జేబులో ఉండాలి.

విరాళాల్లోంచి హోటల్ బిల్లులు కట్టడం మొదలైతే మాట పడుతుంది. రైడర్ల ఖర్చు రైడర్లదే అని ముందే ప్రకటించేస్తే గొడవ ఉండదు. డబ్బు నేరుగా ట్రస్టు ఖాతాకే వెళ్లాలి. రెండు వేలకు మించి నగదు రూపంలో ఇస్తే దాతకు 80జీ పన్ను మినహాయింపు రాదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపుతామంటే పాస్‌పోర్ట్ ఏ దేశానిదో అడగాలి. భారత పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన సంపాదన లోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న వాళ్లు ఇస్తే అది విదేశీ విరాళం కిందకు వస్తుంది. ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు దాన్ని తీసుకోకూడదు.

కాకినాడ నుంచి చివరి మలుపు

కాకినాడ నుంచి ఉప్పాడ బీచ్ రోడ్డు. సముద్రం పక్కనే సాగే రోడ్డు. తుపాను వచ్చినప్పుడల్లా అలలు ఈ రోడ్డును కోసేస్తుంటాయి. వారం ముందు ఉన్న రోడ్డు ఇప్పుడు ఉందో లేదో ఉప్పాడలో అడిగే ముందుకు కదలాలి. కోనపాపపేట దాటాక లోపలికి తిరిగి తొండంగి వైపుగా తుని చేరాలి.

తుని నుంచి వైజాగ్‌కు హైవే నేరుగా వెళుతుంది. ఇక్కడే చాలామంది 'ఇంక వంద కిలోమీటర్లే కదా' అని హైవే ఎక్కేస్తారు. తొమ్మిది రోజులు తొక్కిన కాళ్లు, తగ్గిన ఏకాగ్రత, పక్కన లారీలు.. ఎక్కకూడనిది ఇప్పుడే. లోపలి దారి కోటనందూరు మీదుగా నర్సీపట్నం, అక్కడి నుంచి చోడవరం, సబ్బవరం, పెందుర్తి. దీన్నే భీమిలి - నర్సీపట్నం రోడ్డు, షార్ట్‌గా బీఎన్ రోడ్డు అంటారు. ఈ రోడ్డు గుంతలకు ఎంత పేరుందో ఉత్తరాంధ్ర వాళ్లను అడిగితే చెబుతారు. స్పీడ్ పది, పన్నెండుకు పడిపోతుంది. కానీ గుంతల రోడ్డు మీద లారీ కూడా మెల్లగానే వెళుతుంది. అందుకే నర్సీపట్నం నుంచి పెందుర్తికి ఒక రోజంతా కేటాయించి, ఆ రాత్రికి పెందుర్తిలోనే ఆగిపోవాలి.

మరుసటి రోజు మిగిలేది నగరం లోపలి దూరమే. ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాకింగ్‌కు వచ్చేవాళ్ల కోసం వాహనాలను ఆపేస్తారు. ఎన్ఏడీ జంక్షన్‌ను ట్రాఫిక్ పెరగకముందే దాటి, ఆ టైమ్‌కు బీచ్ చేరేలా పెందుర్తిలో బయల్దేరితే చాలు. అంత పొద్దున్నే రిసీవ్ చేసుకోవడానికి ఇంట్లోవాళ్లు వస్తారో లేదో మాత్రం ముందే కనుక్కోవాలి.